ఇంట కుందేలును పెంచగోరువారు ముందుగా చేయవలసిన ఏర్పాట్లు

ఎద్దును కొనుటకు పూర్వము కొట్టమును, గాడిని, సంవత్సరమునకు సరిపడు మేతను చూచుకొననివాడు మనలో లేడు. గొఱ్ఱెలను తెచ్చుటకు ముందు దొడ్డికి కంప వేయనివాడును లేడు. కుందేలు విషయమున మాత్రము ఈ క్రమము తలక్రిందులగుచున్నది. పట్నమునకు పోవు తండ్రిని పిల్లలు కోరుదురు. అంగడిలో తెల్లని మెత్తని కూనలు కంటికి ఇంపుగా నుండును. అతడు అట్టపెట్టెలో రెండు కూనలను పెట్టుకొని బస్సెక్కును. ఇల్లు చేరిన పిమ్మటనే "వీనిని ఎక్కడ నుంచవలెను? ఏమి పెట్టవలెను?" అను ఆలోచన మొదలగును. ఆ రాత్రికి కోళ్ల గంప క్రింద కప్పుదురు. చలికాలములో తెచ్చినవి ఎట్లో కాలము గడుపును. చైత్ర వైశాఖములు వచ్చినంతనే రేకుల క్రింద నొక మధ్యాహ్నము అవి చచ్చి పడియుండును. పిల్లలు ఏడ్తురు, పెద్దలు "దాని ఆయువు అంతే" యందురు.

దాని ఆయువు అంత కాదు. చక్కగా సాకిన ఇంటి కుందేలు 8 మొదలు 12 సంవత్సరముల వరకు బ్రదుకును. అది మన యింట నొక వేసవినైనను దాటలేకున్నచో లోపము ఏర్పాటునందున్నది గాని జంతువునందు లేదు. కావున ఈ పాఠము యొక్క సారమును మొదటనే చెప్పుచున్నాము: వేసవిలో చోటు చూడుడు; వానకాలములో గడ్డి కూర్చుడు; చలికాలములో కుందేలును తెండు. ఈ వరుస తప్పరాదు.

1. పొలములోని చెవులపిల్లి వేఱు, ఇంటి కుందేలు వేఱు

మన ప్రాంతమున రెంటిని చెవులపిల్లి యనియే పిలుతురు. ఈ పేరు ఒకటగుటవలన కొన్ని అనర్థములు కలుగుచున్నవి. మన చెలకలలోను, గుట్టల అంచులలోను తిరుగు అడవి చెవులపిల్లి ఈ దేశపు జంతువు. అది బొఱియ త్రవ్వదు. గడ్డిదుబ్బు చాటున పడుకొనును. దాని పిల్లలు ఒడలినిండ వెండ్రుకలతో, తెఱచిన కన్నులతో పుట్టును. ఇంటి కుందేలు పూర్వీకులు స్పెయిను, పోర్చుగలు, దక్షిణ ఫ్రాన్సు దేశములయందలివి. అవి నేలలో బొఱియలు త్రవ్వుకొని గుంపులుగా నివసించును. వాని పిల్లలు వెండ్రుకలు లేక, కన్నులు మూసికొని పుట్టును. సుమారు పది దినములకు కన్నులు తెఱచును. ఈ రెండు జాతులకును సంతానసంబంధము కలుగదు.

కందికోత కాలమున, పల్లి పీకునప్పుడు, చేనిలో చెవులపిల్లి కూన యొంటరిగా కనబడుచుండును. "తల్లి లేనిది, పాపము" అని ఇంటికి తెచ్చువారు కలరు. అది తల్లి లేనిది కాదు. శత్రువులకు జాడ తెలియకుండుటకై తల్లి పగలంతయు దూరముగా నుండి, ప్రొద్దుగుంకిన తరువాత వచ్చి పాలిచ్చి పోవును. ఇంటికి తెచ్చిన కూనలలో హెచ్చుభాగము బెదరుచేతను, తగని పాలచేతను చచ్చును. కూన కనబడినచో ఆ చోటికొక గుర్తు పెట్టి, దానిని విడిచి చుట్టు కోసికొనుడు, కుక్కను కట్టివేయుడు. మఱియు 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవి చెవులపిల్లిని పట్టుట, చంపుట, ఇంట పెంచుట నేరము. ఈ పాఠమున ఇకమీద చెప్పునదంతయు ఇంటి కుందేలును గూర్చినదే.

2. వేసవి పని: చోటును పరీక్షించుట

కుందేలు చల్లని దేశపు జంతువు. పగటి యెండను భూమిలోపల దాగి తప్పించుకొనునది. దాని ఒడలికి చెమట పట్టదు. ఎద్దువలె నీడన నిలిచి రొప్పి వేడిని పోగొట్టుకొనుటయు దానికి సరిగా చేతకాదు. పొడవైన చెవులలోని రక్తనాళముల ద్వారా మాత్రమే కొంత వేడిని వెలికి పంపగలదు. 15 మొదలు 20 డిగ్రీల సెంటిగ్రేడు దానికి సుఖము. 30 డిగ్రీలు దాటినచో కష్టము. 35 దాటినచో ప్రాణాపాయము.

మన సంగతి చూడుడు. పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు 2016 సంవత్సరము అక్టోబరులో విభజింపబడి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల మున్నగు జిల్లాలును, 2019లో నారాయణపేట జిల్లాయు ఏర్పడినవి గాని, ఎండ మాత్రము విభజింపబడలేదు. మే మాసమున 42, 43 డిగ్రీలు అంతటను సామాన్యము. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు ఊరక చెప్పలేదు. రోలు పగులు ఎండలో కుందేలు నిలుచునా?

కావున కుందేలు లేకుండగనే వైశాఖమాసమున చోటును పరీక్షింపవలెను. దానికి వలయునది గోడకు తగిలించు ఉష్ణమాపకము ఒకటి మాత్రమే. గూడు పెట్టదలచిన చోట, నేలకు జానెడు ఎత్తున దానిని తగిలించి, పగలు రెండు గంటలు మొదలు నాలుగు గంటల వరకు ఎంత చూపునో ఏడు దినములు కాగితముపై వ్రాయుడు. ఈ పని బడికి పోవు పిల్లలచే చేయించుట మంచిది. కుందేలును కోరినవారే దాని యెండను కొలిచినచో బాధ్యత యన నేమియో వారికి తెలియును.

చోట్లలో తారతమ్యము కలదు. మట్టిగోడల మిద్దెయింటిలోని అర్ర అన్నిటికంటె మేలు. గూనపెంకుటింటి వసారా తూర్పుముఖముగా నున్నచో రెండవది. దొడ్డిలోని వేపచెట్టు, కానుగచెట్టు నీడ ఉదయమునకు సరిపోవును గాని వడగాలికి చాలదు. రేకుల క్రింది చోటు ఎంతమాత్రము పనికిరాదు. రేకులు తప్పనిచో వానిమీద జానెడు మందము బోదగడ్డిని గాని తాటికమ్మలను గాని పఱచి, క్రింద కందికట్టె తడకతో రెండవ కప్పు వేయవలెను. రెండు కప్పుల నడుమ గాలి ఆడు సందు ఉండవలెను.

పరీక్షాకాలముననే చల్లబఱచు ఉపాయములనుకూడ చేసి చూడవలెను. మన వేసవి గాలి పొడిగాలి. కావున తడిపిన గోనెపట్టాలు బాగుగా పనిచేయును. గాలి వచ్చు దిక్కున గోనెను వ్రేలాడగట్టి గంటకొకసారి నీరు చల్లవలెను. ఎదుటి దిక్కు తెఱచియుంచవలెను. నాలుగు దిక్కుల గోనెలు మూసినచో లోపల ఆవిరి నిలిచి మఱింత కీడగును. గూటిలో ఒక షాబాదు బండను పఱచినచో కుందేలు దానిమీద కడుపానించి పడుకొనును. పెద్ద మట్టికాగును అడ్డముగా పరుండబెట్టి, దాని చుట్టు ఇసుక పోసి, ఇసుకను తడుపుచుండినచో లోపలిభాగము చల్లని బొఱియవలె నుండును. ఎండదేశములలో కొందఱు గూటిలో కొంతభాగమును భూమిలోనికి త్రవ్వి కట్టుటయు ఇందుకే. విద్యుత్తు పంకాను మాత్రమే నమ్ముకొనరాదు. వేసవి మధ్యాహ్నమున అది ఆగినచో గంటలోనే జంతువు నష్టమగును.

ఈ ఉపాయములన్నియు చేసిన పిమ్మట ఉష్ణమాపకము 30 డిగ్రీలకు లోబడియున్నచో ఆ చోటు తగినది. 30 మొదలు 32 వరకు చూపినచో ఏర్పాటును ఇంకను మెఱుగుపఱుపవలెను. అంతకు మించినచో ఆ చోట కుందేలు నుంచరాదు. వేఱొక చోటు లేనిచో కుందేలును తేకుండుటయే దయ. పిల్లలకు కోడిపిల్లనో, మేకపిల్లనో యిచ్చుట ఉత్తమము. అవి ఈ భూమికి అలవడినవి.

3. గూడు

గూడు కుందేలు మూడు గంతులు వేయునంత పొడవుగను, వెనుక కాళ్లమీద నిలిచినపుడు చెవులు కప్పునకు తగులనంత ఎత్తుగను ఉండవలెను. పడుకొను పెట్టె నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తునకు తగ్గరాదు. దీనికి తోడు పది అడుగుల పొడవు, ఆఱు అడుగుల వెడల్పు గల పరుగుచోటు ఉండవలెను. పగలంతయు పెట్టెలో మూసియుంచిన కుందేలు ఎముకలు బలహీనమై, కోపముగలదై, తన వెండ్రుకలను తానే పీకికొనును.

కోళ్లకు వాడు పలుచని ఆఱుమూలల జాలి దీనికి పనికిరాదు. ఊరకుక్క దానిని పండ్లతో చింపును. అతికిన గట్టి యినుపజాలిని, అర అంగుళపు కన్నులు గలదానిని వాడవలెను. అంగుళపు కన్నులో పిల్లపాము దూఱును. పరుగుచోటు నేలమీదనైనచో జాలిని ఒక అడుగు లోతుగా పాతవలెను, లేదా నేలకు బండలు పఱుపవలెను. ఏలయన లోపలనుండి కుందేలును, బయటనుండి కుక్కయు పందికొక్కును త్రవ్వుచునేయుండును. పైన కూడ జాలి యుండవలెను. కోతులు మన గ్రామములలో ఎంత హెచ్చినవో చెప్పనక్కఱలేదు. పిల్లులు, గ్రద్దలు, కాకులు మీదినుండి వచ్చును. తలుపునకు కోతి తీయలేని కొక్కెము వేయుడు.

పెట్టెను నేలనుండి రెండు మూడు అడుగుల ఎత్తున కాళ్లమీద నిలుపుడు. కాళ్ల క్రింద నీళ్ల ముంతలు పెట్టినచో చీమలు ఎక్కవు. ముంతలలో దోమలు పెరుగకుండ వారమునకు రెండుమాఱులు నీరు మార్పుడు. పెట్టె అడుగున వట్టి జాలి యుండరాదు. కుందేలు పాదములకు కుక్కకు వలె మెత్తలు లేవు; వెండ్రుకలు మాత్రమే కలవు. జాలిమీద నిలిచినచో మడమలు ఒరసి పుండ్లు పడును. చెక్క వేసి, దానిమీద రంగు వేయని ఈతచాపయు, చాపమీద వరిగడ్డియు పఱుపుడు. చాపను కొఱికినను హాని లేదు, మాసమునకొకటి మార్చుకొనవచ్చును. పెట్టెలో ఒక మూల చీకటిగా, దాగుటకు వీలుగా నుండవలెను. దాగు చోటు లేని కుందేలు ఎల్లప్పుడు భయముతో నుండును. భయము దీనికి నిజముగా రోగకారణము. పెండ్లి బాజాలు, బోనాల డప్పులు, దీపావళి టపాకాయలు గల దినములలో గూటిని ఇంటి లోపలి అర్రకు మార్పవలెను.

కుందేలు స్వభావముచే శుభ్రమైనది. ఒక మూలనే మలమూత్రములు విడుచును. ఆ మూలను కనిపెట్టి అచ్చట వరిగడ్డి వేసిన తట్టను ఉంచి దినము దినము తీయుడు. మూత్రపు ఘాటు నిలిచినచో దాని ఊపిరితిత్తులు చెడును, ఈగలు వ్రాలి తడి తోకపై గ్రుడ్లు పెట్టును. తీసిన పెంట కూరగాయల పాదులకు మంచి యెరువు.

4. ఇంటిలో విడుచుటకు ముందు

కుందేలు పండ్లు జీవితాంతము పెరుగుచునేయుండును. ముందరి పండ్లు వారమునకు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగును. అందుచేత కనబడినదానినెల్ల కొఱుకును. ఇది దాని తప్పు కాదు. కనుక దానిని ఇంట తిరుగ విడుచుటకు ముందు మోటారు తీగలను, ఫోను తీగలను, కూలరు తీగలను మూర యెత్తునకు పైగా కట్టివేయుడు.

రైతు ఇంటికి ప్రత్యేకముగా కొన్ని అపాయములు కలవు. ఎలుకల మందు, పురుగుమందుల డబ్బాలు, మందు పట్టించిన విత్తనముల సంచులు, యూరియా సంచులు మనము ఉండు అర్రలోనే మూలకు పెట్టుచుందుము. ఇవి పిల్లలకే అపాయము, కుందేలునకు మఱింత. వీనికొక పెట్టెను చేయించి తాళము వేయుడు. మన రెండు జిల్లాలు ఆముదపు పంటకు చిరకాలముగా పేరుపొందినవి. ఆముదపు గింజలును, ఎరువుగా వాడు ఆముదపు పిండియు కుందేలునకు విషము. సంచి చినిగి క్రింద రాలిన పిండిని ఊడ్వక విడువరాదు. పురుగుమందు చల్లి వచ్చినవారు చేతులు కడిగికొని బట్టలు మార్చినగాని కుందేలును తాకరాదు. ఫిప్రోనిల్ అను మందు చేలలోను, కుక్కల గోమారులకును వాడబడుచున్నది. కుక్కకు మేలుచేయు ఆ మందు కుందేలునకు ప్రాణాంతకము.

5. వానకాలపు పని: గడ్డి కూర్చుట

"కుందేలు క్యారెట్టు తిని బ్రదుకును" అను మాట బొమ్మల పుస్తకములలోనిది. అది గడ్డితిను జంతువు. దాని ఆహారమున పదింట ఎనిమిది పాళ్లు గడ్డి యుండవలెను. గడ్డిని నమలుటచేతనే పండ్లు అరుగును. గడ్డిలోని నారచేతనే ప్రేగులు కదలును. రెండు కిలోల కుందేలు దినమునకు సుమారు 100 గ్రాముల ఎండుగడ్డిని తినును. అనగా సంవత్సరమునకు 36 కిలోలు. ఇది యొక కుందేలునకు. త్రొక్కి పాడుచేయు భాగమును లెక్కించి 50 కిలోలు కూర్చుకొనవలెను.

మన ప్రాంతపు వాన సంవత్సరమునకు సుమారు 600 మొదలు 750 మిల్లీమీటర్లు; అందులో పెద్దపాలు జూను, సెప్టెంబరు మాసముల నడుమ కురియును. ఫాల్గుణము వచ్చుసరికి గట్లమీద పచ్చపోచ కనబడదు. కావున భాద్రపద, ఆశ్వయుజములలో గట్లమీది గరికను పూతకు ముందుగా కోసి, నీడలో ఆరబెట్టి, పచ్చదనము పోకుండ మోపులు కట్టి, చూరు క్రింద తడి తగులని చోట దాచుడు. మందు కొట్టిన చేని గట్టుమీది గడ్డి పనికిరాదు. బూజుపట్టిన గడ్డిని ఎట్టి పరిస్థితిలోను పెట్టరాదు. పల్లికట్టె మహబూబునగరు ప్రాంతమున సులభముగా దొరకును. అది పెరుగు కూనలకును, పాలిచ్చు తల్లికిని మంచిదే గాని, అందు సున్నము హెచ్చుగా నుండుటచే పెద్ద కుందేలునకు గుప్పెడు చాలును. వరిగడ్డి పఱుపునకు మంచిది. మేతకు సారము చాలదు.

లేత జొన్నపైరును, వానలు లేక గిడసబాఱిన జొన్నను పెట్టరాదు. ఎడ్లను చంపు నాము కుందేలును విడుచునా? పత్తి ఆకు, ఆముదపు ఆకు, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, టమాట ఆకు, ఆలుగడ్డ ఆకు, ఉల్లి, వెల్లుల్లి — ఇవన్నియు నిషిద్ధములు. కొత్తిమీర, పుదీన, మెంతి, ముల్లంగి ఆకులను కడిగి తడి ఆఱిన తరువాత దినమునకొక పిడికెడు పెట్టవచ్చును. క్యారెట్టు ముక్క వ్రేలంత, వారమునకు రెండుమాఱులు చాలును. అన్నము, జొన్నరొట్టె, బిస్కత్తు, బెల్లము పెట్టరాదు. పిండిపదార్థము ప్రేగులలో పులిసి కడుపు ఉబ్బును. కుందేలునకు వాంతి కాదు. లోపల చేరినది వెనుకకు రాదు. కొత్త మేతను వారము దినములలో కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను.

నీరు ఎల్లప్పుడు ఉండవలెను. సాధారణముగా కిలో బరువునకు దినమునకు సుమారు 100 మిల్లీలీటర్లు త్రాగును. వేసవిలో ఇంకను హెచ్చు. బరువైన మట్టిగురిగిలో పోసినచో దొర్లింపలేదు. నల్లగొండ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చని అందఱు ఎఱుగుదురు. అది మనుష్యులకే కాక పశువుల పండ్లకును, ఎముకలకును చేటు. ఎల్లకాలము పెరుగు పండ్లుగల జంతువునకు అట్టి నీరు తగదు. మనము త్రాగుటకు వాడు మంచినీటినే దానికిని పోయవలెను.

రాత్రివేళ కుందేలు మెత్తని గుత్తులవంటి రెట్టను విడిచి తిరిగి తానే తినును. దీనిని చూచి అసహ్యపడరాదు, ఆపరాదు. ఎద్దు నెమరువేసినట్లే ఇది కుందేలు తన మేతనుండి మిగిలిన బలమును గ్రహించు విధము.

6. చలికాలపు పని: కుందేలును తెచ్చుట

కార్తిక మార్గశిరములలో తెండు. వేసవికి పూర్వము నాలుగు మాసములు దాని స్వభావమును తెలిసికొనుటకు వ్యవధి దొరకును. ఎనిమిది వారములు నిండని కూనను కొనరాదు. కన్నులు, ముక్కు తడిలేక, చెవులలోపల పొక్కులు లేక, తోక క్రింద శుభ్రముగా నున్నదానిని ఎన్నుకొనుడు. బస్సులో ప్రయాణము చల్లనివేళనే చేయుడు. పెట్టెకు గాలిరంధ్రములు ఉండవలెను.

కుందేలు ఒంటరిగా నుండజాలదు, జత మంచిది. అయితే ఆడ మగ జతయైనచో ఏమగునో లెక్క చూడుడు. నాలుగైదు మాసముల వయసున ఆడది ఎదకు వచ్చును. చూలు 31 దినములు. ఈనిన దినముననే మరల చూలు నిలువగలదు. ఈతకు ఆఱేసి పిల్లల చొప్పున సంవత్సరమునకు అయిదు ఈతలైనను 30 పిల్లలు. వాని సంతానము వేఱు. అంగడివారు "రెండును ఆడవే" యన్నను నమ్మరాదు. కూనలలో లింగభేదము కనుగొనుట కష్టము. పశువైద్యునికి చూపి నిశ్చయము చేసికొనుడు. కలిసి పెరిగిన రెండు ఆడకూనలు చోటు విశాలముగా నున్నచో సాధారణముగా పొసగును. మగవానిని జతగా నుంచదలచినచో బీజములు తీయించిన తరువాతనే కలుపవలెను.

పెరిగిన సంతానమును పొలములో విడుతుమనుకొనుట పాపము. తెల్లని కుందేలు మన చెలకలో ఒక రాత్రి దాటదు, కుక్కలు విడువవు. దాటినచో మఱియొక కీడు. 1859 సంవత్సరమున ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతమున థామసు ఆస్టిన్ అను భూస్వామి వేటకొఱకు కొలది కుందేళ్లను విడిచెను. కొన్ని దశాబ్దులలో అవి ఖండమంతట వ్యాపించి పైరులను, పచ్చికబయళ్లను పాడుచేసెను. వానిని ఆపుటకై పడమటి ఆస్ట్రేలియా ప్రభుత్వము 1907 నాటికి వేలకొలది కిలోమీటర్ల కంచెను నిర్మింపవలసివచ్చెను.

"పిల్లలను మేమే తిరిగి కొందుము, మీకు లాభము" అని చెప్పువారి మాటలను వినరాదు. ఈము పక్షులను ఇట్లే అంటగట్టిన పథకములు 2012లో తమిళనాడులోని పెరుందురై ప్రాంతమున కూలినపుడు వేలకొలది మదుపుదారులు నష్టపడిరి. ఇంటి కుందేలు పిల్లల ముచ్చట కొఱకు. దానిని అప్పుచేసి వ్యాపారముగా మార్చరాదు.

7. పిల్లలకు నేర్పవలసినది

చెవులు పట్టి ఎత్తుట మహాపరాధము. కుందేలు ఎముకలు తేలికయైనవి, వెనుకకాళ్ల కండలు మిక్కిలి బలమైనవి. గాలిలో తన్నుకొన్నచో తన వెన్నెముకను తానే విఱుగగొట్టుకొనును. ఒకచేయి ఱొమ్ము క్రిందను, ఒకచేయి పిఱుదుల క్రిందను పెట్టి ఒడికి ఆనించుకొనవలెను. చిన్నపిల్లలు నేలమీద కూర్చుండి మాత్రమే తాకవలెను. తాకిన తరువాత చేతులు కడుగవలెను. తామర మున్నగు చర్మరోగములు దానినుండి పిల్లలకు అంటవచ్చును.

8. రోగచిహ్నములు

కుందేలు తన బాధను దాచుకొను జంతువు. పండ్రెండు గంటలు మేత ముట్టకున్నను, రెట్ట ఆగినను రేపటివరకు ఆగరాదు. నోరు తెఱచి రొప్పుట, చెవులు ఎఱ్ఱబడి కాలుట, చొంగ కాఱుట, కాళ్లు చాచి పడియుండుట వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు తెచ్చి, చెవులను పాదములను చల్లని నీటితో తడిపి విసరవలెను. మంచునీటిలో ముంచరాదు. పిమ్మట పశువైద్యశాలకు కొనిపోవుడు.

మన గ్రామ వైద్యశాలలలో ఎడ్లు, గొఱ్ఱెలు, కోళ్లకు చికిత్స అలవాటు, కుందేలు అరుదు. అందుచే తెచ్చుటకు ముందే మీ మండల పశువైద్యుని కలిసి మాటాడుడు. రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాల వైద్యశాలకు ఎట్లు చేరవలెనో తెలిసికొని యుంచుడు. ఇంటిలోనున్న మాత్రలను మీరే వేయరాదు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులను నోటిద్వారా వేసినచో కుందేలు ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి అది మరణించును.

9. సంఘ సభ్యులు కలిసి చేయదగినది

ఒక్క గూటికి జాలిచుట్ట యంతయు అక్కఱలేదు. నలుగురు సభ్యులు కలిసి ఒక చుట్టను కొనినచో మిగులు ఉండదు. ఉష్ణమాపకము ఒకటి వాడకంతటికి చాలును. గరికకోత కలిసి చేసికొనవచ్చును. ఊరికి పోవలసినవారి కుందేలును మఱియొకరు చూచుకొనవచ్చును. పదేండ్లు బ్రదుకు జంతువును సాకువారికి ఇట్టి తోడు లేకున్న గడువదు.

కడపట ఈ ప్రశ్నలను ఇంటివారందఱు కూర్చుండి వేసికొనుడు. వైశాఖపు ఏడు దినముల లెక్క 30 డిగ్రీలకు లోబడినదా? చూరు క్రింద 50 కిలోల గడ్డి యున్నదా? మందుల పెట్టెకు తాళము పడినదా? జాలి కన్నులు అర అంగుళమునకు మించలేదు గదా? వైద్యుడు ఎవడో తెలిసినదా? పిల్లలు పెద్దవారై చదువులకు పోయినపుడు దీనిని సాకువారెవరు? అన్నిటికి సరియైన సమాధానము దొరకినచో రాబోవు కార్తికమున కుందేలును తెచ్చుకొనుడు. ఒక్కటి లోపించినను మఱియొక సంవత్సరము ఆగుడు. ఆగినందున పిల్లలు కొన్నాళ్లు అలుగుదురేమో గాని, ఒక ప్రాణి మన వాకిట నిష్కారణముగా చావదు.